ఒంటిపూట పనివాళ్ళు

మా మేనమామకు పలాసలో జీడిపప్పు కార్ఖానా ఉండేది. తొంభైల చివర్లో, విశాఖపట్నంలో లా చదువు ఏడాదికే వదిలేసి తిరిగొచ్చిన నన్ను ఆయన పని చూసుకోమని అందులో పెట్టాడు. నలుగురిలో నన్ను "లాయరూ" అని పిలిచేవాడు. పప్పు కొనడానికి వచ్చిన షావుకార్లతో, "మా అల్లుడు సట్టం సదివినోడు. దాన్నెక్కడ నొక్కితే ఎటు వంగుతాదో ఆడికి తెలుసు," అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ మాట నాకు పొగడ్తగానే వినిపించేది.

కార్ఖానాలోకి అడుగు పెట్టగానే కనిపించేలా గోడ మీద నేనే ఒక బోర్డు రాశాను. "పధ్నాలుగేళ్ళు నిండని పిల్లలకు ఇక్కడ పని ఇవ్వబడదు." ఆ బోర్డు కింద నుంచే వేసవి మధ్యాహ్నాలు పిల్లలు లోపలికి వచ్చేవాళ్ళు.

వేసవిలో ఒంటిపూట బడులు. జీడి పంట దిగేదీ సరిగ్గా అప్పుడే. ఉద్దానం తోటల నుంచి పిక్కలు, అంటే పెంకుతో ఉన్న జీడిగింజలు, బస్తాలకొద్దీ వచ్చి పడేవి. పెద్దవాళ్ళ చేతులు చాలేవి కావు. తల్లులు బడి నుంచి వచ్చిన పిల్లలను వెంట తెచ్చుకునేవాళ్ళు. పిల్లల వేళ్ళు సన్నగా ఉంటాయి. పప్పు మీది పొట్టును గింజ విరగకుండా తీస్తారు. విరగని పప్పుకే ధర. అందుకే మా మావ, "సిన్నగుంటల సెయ్యి పడితే పప్పు గుండుగా ఉంతాది," అనేవాడు.

బాలకార్మిక చట్టం నేను చదివాను. అప్పట్లో అందులో రెండు సంగతులు వేరువేరుగా ఉండేవి. కొన్ని పనుల్లో పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలను అసలు పెట్టకూడదు. ఆ జాబితాలో లేని పనుల్లో పెట్టుకోవచ్చు గానీ వేళలకు హద్దులుంటాయి. మూడు గంటలు చేశాక గంట విశ్రాంతి ఇవ్వాలి. రాత్రి ఏడు దాటితే చేయించకూడదు. వారానికో రోజు సెలవు. జీడిపప్పు పని నిషిద్ధమైన జాబితాలో ఉంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే, రెండో రకం పనులకు పెట్టిన వేళలు తెచ్చి మా కార్ఖానాలో అమలు చేశాను. సాయంత్రం పిల్లలను పని మీంచి లేపి గంటసేపు విశ్రాంతి ఇచ్చేవాణ్ణి. పొద్దు గూకితే ఇళ్ళకు పంపేసేవాణ్ణి. బడి మానేసిన పిల్లలను గుమ్మం దగ్గరే ఆపేవాణ్ణి. మిగతా కార్ఖానాల్లో ఇవేవీ లేవు. అందువల్ల నేను చట్టం ప్రకారం నడుస్తున్న మనిషినని నాకు నేనే నమ్మకం కుదుర్చుకున్నాను. దొంగసొమ్ముకు పన్ను కట్టి దొరననుకున్నవాడి సంగతి నాది. చట్టం తెలియని మా మావ అప్పుడప్పుడైనా భయపడేవాడు. నేను భయపడేవాణ్ణి కాదు.

ఆ పిల్లల్లో ఒక అమ్మాయి ఉండేది. ఏడో తరగతి. పన్నెండు నిండి ఎక్కువ కాలం కాలేదు గానీ ఎత్తుగా ఎదిగింది. వాళ్ళది సుమ్మాదేవి దగ్గర పల్లె. తల్లీకూతుళ్ళు పాసింజరు బండిలో వచ్చి పోయేవాళ్ళు. తల్లి మా దగ్గర పిక్కలు కొట్టేది. తండ్రికి కిడ్నీలు పాడై మంచం పట్టాడు. మొదటి రోజు ఆ అమ్మాయి లోపలికి వస్తూనే గోడ మీద బోర్డు గట్టిగా చదివింది. చదివి నావైపు తిరిగింది.

"మాకు పన్నేదని రాసీసి మాకే పనెడతన్నారేటండి?"

అప్పుడే పిక్కలు కొట్టే షెడ్డుకు వెళ్తున్న ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. తల్లి సిగ్గుపడి కూతురి జబ్బ గిల్లింది. నేనూ నవ్వి, "అది రోజంతా పని చేసేవాళ్ళకమ్మా. మీది పార్ట్ టైమ్," అన్నాను.

"ఓస్! అలగైతే అది కూడా రాయండి," అంది ఆ పిల్ల.

ఆమెకు గురుకుల పాఠశాలలో ఎనిమిదో తరగతిలో చేరాలని కోరిక. దానికి ప్రవేశ పరీక్ష ఉంది. సీటు వస్తే తిండి, బట్ట, పుస్తకాలు అన్నీ అక్కడే. ఇంట్లో ఉంటే తండ్రి మందులకోసమైనా కార్ఖానాకు రావలసిందేనని తల్లికి తెలుసు. అందుకే ఆ పరీక్ష మీద కూతురి కంటే తల్లికే ఎక్కువ పట్టుదల. పొట్టు తీస్తున్నంతసేపూ ఆ అమ్మాయి లెక్కలు నోటితో చేస్తూ ఉండేది. తప్పో ఒప్పో చెప్పమని నన్ను పీడించేది. కొన్నిసార్లు నేను చెప్పేవాణ్ణి. నేను మంచివాణ్ణన్న నమ్మకానికి అది కూడా పనికొచ్చింది.

పరీక్ష టెక్కలిలో. ముందు రోజు మధ్యాహ్నం తల్లి నా దగ్గరకు వచ్చింది.

"ఇయ్యాల కూసింత ముందు ఎలిపోతాం బాబూ. రేపు దీనికి పరీచ్చ. తల్లో నూనెట్టి పడుకోబెడితే పొద్దున్నే లేస్తాది."

ఆమె ముందు కొట్టవలసిన పిక్కల గుట్ట ఇంకా సగం మిగిలి ఉంది. మర్నాడు సరుకు వెళ్ళాలి. "గుట్ట అవగొట్టేసి వెళ్ళిపో," అన్నాను. కాదనలేదు కాబట్టి అది మంచితనమే అనుకున్నాను.

తల్లి ఒక్కతే అయితే చీకటి పడిపోతుంది. అందుకని అమ్మాయి పొట్టు గదిలోంచి లేచి, చేతులకు బూడిద పూసుకుని, తల్లి పక్కన పిక్కలు కొట్టడానికి కూర్చుంది. పిక్క పగిలితే జీడి సొన చిమ్ముతుంది. అది పడ్డచోట చర్మం కాలి నల్లబడుతుంది. పిల్లలను ఆ షెడ్డులోకి రానివ్వకూడదన్నది నేను పెట్టిన నియమమే. చూశాను. చూసి, బండి వేళకు గుట్ట అవుతుందిలే అనుకుని పక్కకు వచ్చేశాను.

ఇంతలో తనిఖీకి వచ్చిన లేబర్ ఆఫీసరు జీపు రోడ్డు మీద దూరంగానే ఆపేసి నడిచొచ్చాడు. కాపలా వాడు చూసి లోపలికి కేక వేశాడు. పొట్టు గదిలో నిశ్శబ్దంగా ఉంటుంది. పిల్లలకు వెంటనే వినబడింది. ఎప్పుడో నేర్పించినట్టే వెనక తలుపులోంచి జీడితోటలోకి పరుగెత్తారు. వాళ్ళకదొక ఆట. పిక్కలు కొట్టే షెడ్డులో మాత్రం ఆ మోతకు ఏమీ వినబడదు. నేను షెడ్డు గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన అప్పటికే ఆ అమ్మాయి ముందు నిలబడి ఉన్నాడు.

దెబ్బలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"నీ వయసెంతమ్మా?" అన్నాడు ఆఫీసరు. గట్టిగా అనలేదు. ఆయన ఈ జిల్లావాడు కాదు, మాటలో తెలుస్తోంది.

"పదిహేను నిండాయండి," అన్నాను నేను.

"మిమ్మల్ని అడగలేదు."

తల్లి నావైపు చూసింది. ఆయన వెనకనుంచి నేను కళ్ళతోనే అవునన్నాను. "పదేను బాబూ," అంది ఆమె. అని తల దించుకుంది.

"బడికి వెళ్తున్నావా?"

ఇప్పుడు అమ్మాయి నావైపు చూసింది. ఏడో తరగతి అని చెబితే వయసు తేలిపోతుంది. నేను తల అడ్డంగా ఊపాను. కొంచెమే ఊపాను. ఆమెకు చాలింది.

"నేదండి."

"ఎప్పుడూ వెళ్ళలేదా?"

"నేదండి."

షెడ్డు గుమ్మంలోంచి ఎదుటి గోడ మీద నా బోర్డు కనిపిస్తోంది. ఆయన వేలితో దాన్ని చూపించాడు. "అక్కడేం రాసి ఉందో చెప్పు."

ఆ అమ్మాయి బోర్డు వైపు చూసింది. అలా చాలాసేపు చూసింది. బూడిద చేతులు ఒళ్ళో పెట్టుకుని, "నాకు సదవడం రాదండి," అంది.

షెడ్డులో ఇరవైమందికి పైగా ఆడవాళ్ళున్నారు. బోర్డు చదివి ఆ పిల్ల నన్ను ఆటపట్టించినప్పుడు నవ్వినవాళ్ళే వాళ్ళంతా. ఒక్కరూ తల ఎత్తలేదు.

"వయసు విషయంలో నాకు అనుమానం ఉంది," అన్నాడు ఆఫీసరు నాతో. "అలాంటప్పుడు తేల్చవలసింది ప్రభుత్వ డాక్టరు. రేపు పది గంటలకు అమ్మాయిని టెక్కలి ఆసుపత్రికి తీసుకురండి. మా మనిషి అక్కడుంటాడు."

"రేపు..." అని తల్లి నోరు తెరిచింది.

"తప్పకుండా తెస్తామండి," అన్నాను నేను.

ఆయన వెళ్ళాక మా మావ ఆఫీసు గదిలోంచి బయటకు వచ్చాడు. మొహం పాలిపోయింది. తల్లి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. "పరీచ్చ కూడా పది గంటలకేనండి. ముందది రాయించీసి ఆస్పత్రికి తెత్తాం అని ఆ బాబుకి సెప్పండి."

"ఏ పరీచ్చ అంతాడు. ఏటి సెప్తావు?" అన్నాడు మావ. "సదువే రాదన్న గుంటకి పరీచ్చేటే?"

మావ నావైపు తిరిగాడు. "ఏరా లాయరూ, ఇంకేటి దారి?"

దారి ఉంది. ఆ సాయంత్రమే టెక్కలిలోని లేబర్ ఆఫీసుకు వెళ్ళి, ఆమెకు పన్నెండేళ్ళే, తప్పు నాది అని ఒప్పుకుంటే సరిపోయేది. కేసయ్యేది. మావ కోర్టు మెట్లెక్కేవాడు. అమ్మాయి పరీక్ష రాసేది. ఈ లెక్క నాకు అప్పుడే తెలుసు, తర్వాత తట్టింది కాదు. అయినా తల్లితో, "పరీక్ష వచ్చే ఏడు రాయొచ్చులే," అన్నాను. ఎనిమిదిలోకి వెళ్ళిపోయిన పిల్ల ఆ పరీక్ష రాయడానికి వీల్లేదని కూడా నాకు తెలుసు.

అమ్మాయి పంపు దగ్గర చేతులు కడుక్కుని వచ్చి, మళ్ళీ బూడిద పూసుకుని మిగిలిన గుట్ట దగ్గర కూర్చుంది. "ఇంకొద్దు, వెళ్ళండి," అన్నాను. తల్లి లేచింది. ఆ పిల్ల మాత్రం ఆ గుట్ట అయ్యేదాకా లేవలేదు.

మర్నాడు బస్సులో ముగ్గురం వెళ్ళాం. నేను ముందు సీట్లో కూర్చున్నాను. టెక్కలిలో పరీక్ష జరిగే బడి మేం వెళ్ళే దారిలోనే ఉంది. గేటు దగ్గర పిల్లలు అట్టలు పట్టుకుని నిలబడ్డారు. తండ్రులు వాళ్ళకు చివరి మాటలు చెబుతున్నారు. బస్సు అక్కడ నెమ్మదించింది. నా వెనక తల్లి, "బాబూ," అంది. కండక్టరు, "దిగుతారేటి? తొరగా దిగండి," అని అరిచాడు. నేను వెనక్కి తిరగకుండా, "లేదు, ఆసుపత్రి దగ్గర," అన్నాను.

ఆసుపత్రిలో డాక్టరు ఆలస్యంగా వచ్చాడు. వరండాలో బల్ల మీద కూర్చుని ఎదురుచూశాం. ఆఫీసు నుంచి వచ్చిన మనిషి మాకు కొంచెం దూరంలో నిలబడి బీడీ కాల్చుకుంటున్నాడు. గోడ మీద టీకాల గురించి, నీళ్ళు కాచి తాగడం గురించి పెద్ద అక్షరాలతో ఏవో రాసి ఉన్నాయి. ఆ అమ్మాయి వాటివైపు చూడకుండా నేలకేసి చూస్తూ కూర్చుంది. ఆ మనిషి చూస్తున్నాడని ఆమెకు తెలుసు. ఆ వయసు పిల్ల, కళ్ళెదుట అక్షరాలుండగా చదవకుండా అంతసేపు కూర్చోవడం నేను చూశాను. నేను నేర్పించిన చదువు అది.

డాక్టరు పళ్ళు చూశాడు. ఎత్తు చూశాడు. మణికట్టుకు ఎక్స్‌రే తీయించాడు. పధ్నాలుగు నిండి ఉండవచ్చని రాసిచ్చాడు. ఎముకలు చూసి చెప్పే వయసులో ఏడాదో రెండేళ్ళో అటూఇటూ అవుతుంది. ఆ వెసులుబాటు మాకు కలిసొచ్చింది. నాకు ఊపిరి తేలికైంది. ఆ క్షణాన నాకు సంతోషం కలిగిందని రాయకపోతే ఇదంతా రాయడం దండగ.

బయటకు వచ్చేసరికి పరీక్ష అయిపోయింది. బస్టాండులో పిల్లలు ప్రశ్నపత్రాలు పట్టుకుని జవాబులు చెప్పుకుంటున్నారు. ఆమె బడిలోనే చదివే ఒక పిల్ల పరుగెత్తుకొచ్చి, "నువ్వేటే రాలేదు? నీకొచ్చినవే ఇచ్చినారు!" అంది. అమ్మాయి ఆమె చేతిలోంచి కాగితం అందుకుంది. నిలబడే చదవడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి, వేళ్ళ మీద ఏదో లెక్క కడుతోంది. ఆఫీసు మనిషి రోడ్డు అవతల టీ తాగుతున్నాడు.

"దాచెయ్యి," అన్నాను.

ఆమెకు వినబడలేదు. నేను ఆ కాగితం లాగేసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాను. అప్పుడు ఆమె మొదటిసారి నా మొహంలోకి చూసింది. నేను తల్లివైపు తిరిగాను.

"చూడు, కొన్నాళ్ళు దీన్ని బడి వైపు పోనివ్వకు. ఆయనకు మళ్ళీ అనుమానం వచ్చి బడిలో అడిగాడంటే, అబద్ధం చెప్పావని నీమీదే కేసవుతుంది."

"జైలుకెడతారా బాబూ?"

"ఏమో, పెట్టినా పెడతారు."

అది అబద్ధం. ఆ చట్టం పట్టుకునేది పని చేయించినవాణ్ణి. కూతురు బడికి వెళ్ళినందుకు తల్లినెవరూ జైల్లో పెట్టరు. కానీ ఆమె భయపడితేనే మేం భద్రంగా ఉంటాం.

జూన్‌లో బడులు తెరిచారు. అమ్మాయి ఎనిమిదో తరగతిలో చేరలేదని పనివాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. ఒక రోజు పొద్దున్నే పాసింజరు ఎక్కి సుమ్మాదేవిలో దిగి వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి లోపల మంచం మీద ఉన్నాడు. అమ్మాయి చూరు కింద కూర్చుని, ఇంకెవరి దగ్గరి నుంచో ఇంటికి తెచ్చుకున్న పప్పుకు పొట్టు తీస్తోంది. నన్ను చూసి తల్లి గాభరా పడింది.

"ఏటి బాబూ, మళ్ళీ వొచ్చినాడా ఆయన?"

"లేదు. ఇంక రాడు. పిల్లను బడికి పంపు. మేష్టారితో నేను మాట్లాడతాను."

"వొత్తాడని మీరే అన్నారు. రాడని మీరే అంతన్నారు. ఏది నమ్మాల?"

"నీమీద కేసేం కాదు. అప్పుడేదో భయంలో అన్నాను."

ఆమె ఒక్క నిమిషం నన్ను చూసింది. "అవదని ఆ రోజే తెలుసా మీకు?"

తెలుసన్నాను. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "అలగైతే ఉన్న మాట ఆ ఆఫీసరుకి సెప్పి రండి. ఆయనకి తెలిసినాదని మీరొచ్చి సెప్తే మర్నాడే దీన్ని పంపుతాను. ఆడదాన్ని, ఈయన సూత్తే ఇలగున్నాడు. నానెవర్ని నమ్ముకోను?"

"సరే," అన్నాను. నిజంగానే వెళ్ళాలనే అనుకున్నాను. పలాస స్టేషన్లో దిగాక బయట టెక్కలి బస్సు సిద్ధంగా ఉంది. దాని పక్కనుంచే నడిచి కార్ఖానాకు వెళ్ళిపోయాను.

టెక్కలికి వెళ్ళింది రెండేళ్ళ తర్వాత. ఈ సంగతి ఇంకో మనిషి చెబితే మధ్యలో ఆ రెండేళ్ళు ఎగరగొట్టి చెప్పొచ్చు. నేను అలా చెప్పకూడదు. వాటాల గురించి మావతో మాటా మాటా పెరిగి కార్ఖానా నుంచి బయటకు వచ్చాను. వచ్చిన వారంలోనే లేబర్ ఆఫీసుకు వెళ్ళాను. అదే ఆఫీసరు. జరిగిందంతా చెప్పాను. ఆయన అడ్డు రాకుండా విన్నాడు.

"ఇప్పుడా అమ్మాయికి ఎన్నేళ్ళు?"

"పధ్నాలుగు దాటాయండి."

"బడిలో ఉందా?"

"లేదండి."

"అయితే మీరు చెప్పినదానితో ఆమెకు నేను చేయగలిగింది ఏమీ లేదు." కాసేపాగి, "మీ మామగారితో ఇప్పుడు మీకు సంబంధాలు బాగున్నాయా?" అన్నాడు.

వాటాల గొడవ సంగతి ఎత్తకుండా నేను లేచాను. "ఎవరికోసమని ఇంత ఆలస్యంగా వచ్చారు?" అని ఆయన అడిగి ఉంటే బాగుండునని బయటకు వచ్చాక అనిపించింది. దానికైనా నా దగ్గర సరైన జవాబు ఉండేది కాదు.

అక్కణ్ణుంచి నేరుగా సుమ్మాదేవి వెళ్ళాను. తండ్రి పోయాడట. తల్లి పనిలో ఉంది. అమ్మాయి ఒక్కతే ఉంది. బాగా పొడుగైంది. ఆఫీసరుకు నిజం చెప్పేశానని, ఇప్పుడు బడికి వెళ్ళొచ్చని చెప్పాను. ఆమె చేతిలో చాట దించకుండా విన్నది.

"ఇప్పుడు ఎనిమిదిలోకా? మా ఈధిలో గుంటలు సదూతన్నారండి ఎనిమిది. నా బుజం కాడికి రారు. ఆల్లతోటి నాను కూకోను."

"మీ అమ్మ ఒకసారి..."

"మా యమ్మ సెప్పినా కూకోను."

చాటలో పప్పు చెరిగి, పొట్టు గాలికి వదిలింది. నేను వెళ్ళడానికి లేచాను. అప్పుడంది:

"బడికెల్లకుండా పదో తరగతి పరీచ్చ కట్టీయొచ్చంతారు. నిజవేనా?"

ఇన్ని నియమాలు తెలిసిన నాకు అదొక్కటి తెలియదు. ఎప్పుడూ తెలుసుకోవలసిన అవసరం పడలేదు. కనుక్కుంటానన్నాను. ఆమె తల ఊపలేదు, నవ్వలేదు. నేను చెప్పిన "సరే"లు ఆమె ఇంతకు ముందు విన్నవే.

మర్నాడే కనుక్కున్నాను. కట్టొచ్చట. ఎక్కడ కట్టాలో, ఏ పుస్తకాలు కావాలో, ఎప్పటిలోగా కట్టాలో తెలుసుకుని మూడోనాటికి వెళ్ళి చెప్పాను. ఈసారి తల్లి కూడా ఉంది. అమ్మాయి రెండు ప్రశ్నలు అడిగింది, రెండింటికీ జవాబు చెప్పగలిగాను. పుస్తకాలు నేను తెచ్చిస్తానన్నాను.

"ఒద్దండి," అంది. "ఎక్కడ దొరుకుతాయో సెప్పండి సాలు."

చెప్పాను. ఆమె పరీక్ష కట్టిందో లేదో నాకు తెలియదు. అడగడానికి మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళి అడిగితే, నాకు ఊరట కలిగే జవాబు ఇవ్వవలసిన పని కూడా ఆ పిల్ల మీదే పెట్టినట్టవుతుంది.